తెర మీద సరుకు, ధర వేయని ఖరీదుదారు

వేరుశనగ, పత్తి, మొక్కజొన్న, కంది, ఆముదాలు, వరి ధాన్యం - పాలమూరు, నల్లగొండ ప్రాంతపు మార్కెట్లకు వచ్చే ముఖ్యమైన సరుకులివి. వీటి ధర నిర్ణయమయ్యే చోటు 2016 తరువాత కొంతమేరకు యార్డు నుంచి కంప్యూటరు మీదికీ, ఫోను మీదికీ మారింది. ఐతే తెర మీద సరుకు కనిపించగానే అమ్ముడు పోదు. ఖరీదుదారు దానిని చూడాలి, నమ్మాలి, ధర వేయాలి, తన పేర ఖరారైతే డబ్బు కట్టాలి. ఈ నాలుగు మెట్లలో ఎక్కడ మనిషి ఆగిపోయినా పోటీలో ఒకరు తగ్గినట్లే. ఇద్దరు పోటీపడే రాశికీ ఆరుగురు పోటీపడే రాశికీ ధరలో ఎంత తేడా వస్తుందో పాట చూసిన వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఇంటర్నెట్ ద్వారా వ్యాపారం చేసేవారు ఈ విషయాన్ని చాలా కాలంగా లెక్క కట్టి చూస్తున్నారు. వందమంది తమ వెబ్‌సైటుకు వస్తే వారిలో ఎందరు చివరిదాకా వచ్చి కొన్నారన్నదే ఆ లెక్క. దానిని ‘కన్వర్షన్’ అంటున్నారు. మన భాషలో చెప్పాలంటే, గడప తొక్కినవారిలో బేరం కుదిరినవారి శాతం. డెన్మార్క్‌కు చెందిన బేమార్డ్ అనే పరిశోధన సంస్థ అనేక అధ్యయనాల ఫలితాలను కలిపి చూసి, ఇంటర్నెట్ దుకాణాలలో సరుకును బుట్టలో వేసుకున్నవారిలో సైతం సుమారు 70 శాతం మంది డబ్బు కట్టకుండానే వెళ్లిపోతున్నారని తేల్చింది. ఊరికే ధరలు చూసిపోయేవారిని పక్కన పెడితే, తక్కినవారు చెప్పిన కారణాలలో సరుకు మంచిచెడ్డల కంటె ముందున్నవి వేరే ఉన్నాయి. చివరి నిమిషంలో అదనపు ఖర్చులు కలపడం, ఖాతా తెరిస్తేగాని ముందుకు పోనివ్వకపోవడం, పూర్తి చేయవలసిన వివరాలు మరీ ఎక్కువ కావడం. అంటే బేరం చెడుతున్నది సరుకు దగ్గర కాదు, గుమాస్తా దగ్గర. ఇక్కడ గుమాస్తా వెబ్‌సైటు.

బాదేపల్లి, తిరుమలగిరి

జాతీయ వ్యవసాయ మార్కెట్ ‘ఈ-నామ్’ 2016 ఏప్రిల్ 14న దేశంలోని 8 రాష్ట్రాలలో 21 మార్కెట్లతో ప్రారంభమైంది. తెలంగాణ నుంచి ఆ తొలి జాబితాలో చేరినవాటిలో జడ్చర్లలోని బాదేపల్లి మార్కెట్, అప్పటి నల్లగొండ జిల్లాలోని తిరుమలగిరి మార్కెట్ కూడా ఉన్నాయి. తిరుమలగిరి అదే సంవత్సరం అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనతో సూర్యాపేట జిల్లాలోకి వెళ్లింది. చిన్న రైతుల వ్యవసాయ వ్యాపార సమాఖ్య ఈ పథకాన్ని నడిపించగా, సాఫ్ట్‌వేరు రూపొందించే బాధ్యతను హైదరాబాదుకు చెందిన నాగార్జున ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ సంస్థకు అప్పగించారు. 2018 నాటికి 585 మార్కెట్లు, 2020 మే నాటికి 1,000 మార్కెట్లు ఇందులో చేరాయి.

ఈ విధానం వచ్చేముందు మన యార్డులలో ధర నిర్ణయం మూడు రకాలుగా ఉండేది. బహిరంగ పాట ఒకటి. ఖరీదుదారు చీటీ మీద ధర రాసి పెట్టెలో వేసే టెండరు మరొకటి. ఇక మూడవది ఎదురెదురు బేరం. రుమాలు కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకొనే పాత పద్ధతిని నియంత్రిత మార్కెట్ల చట్టాలు ఎన్నడో తొలగించాయి. నిజాం రాష్ట్రంలో 1339 ఫసలీ నాటి, అంటే 1930 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం ఇటువంటివాటిలో ముందుతరానిది. పద్ధతి ఏదైనా ఒక సౌకర్యం మాత్రం అన్నింటిలోనూ ఉండేది. రాశి కళ్ల ముందు ఉండేది, అర్థం కానిది అడగడానికి పక్కనే మనిషి ఉండేవాడు.

ఈ-నామ్‌లో సరుకు గేటు దగ్గర నమోదై లాటు నంబరు పొందుతుంది. నమూనా తీసి నాణ్యత పరీక్షిస్తారు. ఆపైన లాటు ఖరీదుదారుల తెర మీదికి వస్తుంది. గడువు ముగిసిన తరువాత హెచ్చు ధర ఖరారై, కాంటా, బిల్లు, చెల్లింపు, గేటు నుంచి సరుకు బయటికి పోవడం జరుగుతాయి. కాగితం మీద ఇది నేరుగా ఉన్నది. కాని ఉదయం 200 లాట్లు వచ్చిన రోజున, ఎండలో నిలబడి ఒక చేతిలో నమూనా కాయలు, మరో చేతిలో ఫోను పట్టుకున్న ఖరీదుదారు వైపు నుంచి చూస్తే లెక్క మారుతుంది. ఒక్కొక్క లాటు తెరిచి, చూసి, ధర వేసి, ఖాయపరచి, తిరిగి జాబితాకు రావడానికి ఒక నిమిషం పడుతుందనుకుందాం. 200 లాట్లకు 3 గంటల 20 నిమిషాలు. అదే పని 20 సెకన్లలో ముగిస్తే గంటా ఏడు నిమిషాలు. మొదటి సందర్భంలో ఖరీదుదారు తనకు తెలిసిన అడ్తిదారు లాట్లు చూసుకుని తక్కినవి వదిలివేస్తాడు. అతనిలో లోపం ఏమీ లేదు. వదిలివేసిన లాట్ల రైతులకు మాత్రం పోటీ దక్కలేదు.

గద్వాల కాయ, కర్నూలు ఖరీదు

2019 ఆరంభంలో రాష్ట్రాల మధ్య ఈ-నామ్ లావాదేవీలు మొదలైనప్పుడు వాటిలో ఒకటి మన ప్రాంతానిదే. గద్వాల మార్కెట్‌లోని వేరుశనగను కర్నూలు మార్కెట్‌కు చెందిన వ్యాపారి ఈ పద్ధతిలో ఖరీదు చేశారు. రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 60 కిలోమీటర్లు మాత్రమే. ఈ బాటన కాయ లారీలెక్కి పోవడం కొత్త సంగతి కాదు. కొత్తదనమంతా కొన్నవారు రాశి దగ్గర లేకపోవడంలో ఉన్నది.

వేరుశనగ ఖరీదుదారు యార్డులో ఏమి చేస్తాడో గమనిస్తే, తెర ఏమి చేయవలసి ఉన్నదో తెలుస్తుంది. రాశి అడుగు నుంచి గుప్పెడు కాయ తీస్తాడు. చెవి దగ్గర పెట్టి ఆడిస్తాడు. గలగలమంటే ఆరిన కాయ, చప్పుడు మందంగా ఉంటే పచ్చిది. నాలుగు కాయలు నలిపి పప్పు నిండుగా ఉన్నదా, ముడుచుకున్నదా చూస్తాడు. ఒక పప్పు నోట్లో వేసుకుంటాడు. అరచేతికి అంటిన మట్టి చూస్తాడు. ఇదంతా ఒక అర నిమిషం పని. ఆ అర నిమిషంలో అతనికి తేమ, పప్పు శాతం, చెత్త, పాడైన గింజ - నాలుగు సంగతులూ తెలిసిపోతాయి.

కర్నూలులో కూర్చున్నవారికి ఈ నాలుగూ తెర మీద అందాలి. అందునా మొదటి చూపులోనే అందాలి. నాణ్యతా పత్రం సిద్ధంగా ఉన్నా, దానిని చూడటానికి వేరే పేజీ తెరవాలి, ఫైలు దించుకోవాలి అన్నట్లయితే చాలామంది తెరవరు. తెరవని ఖరీదుదారు సందేహానికి తగ్గట్టు ధర తగ్గించి వేస్తాడు, లేదా వేయడు. క్వింటాలుకు 100 రూపాయలు తగ్గించి వేశాడనుకుంటే 30 క్వింటాళ్ల లాటు మీద 3,000 రూపాయలు. ఈ సొమ్ము నాణ్యత తక్కువై పోయింది కాదు, నాణ్యత కనిపించక పోయింది. 2018 ఫిబ్రవరిలో ఈ-నామ్ మొబైల్ యాప్‌ను మెరుగుపరచినప్పుడు నాణ్యతా పత్రాన్ని ఫోనులోనే చూసుకునే వీలు కల్పించడానికి కారణం ఇదే. రైతు తన లాటు మీద ధర ఎలా పెరుగుతున్నదో ఫోనులో చూసుకొనే ఏర్పాటు, గేటు నమోదును ముందుగానే చేసుకునే ఏర్పాటు కూడా అదే సమయంలో వచ్చాయి.

ఒక ఫోటో పెడితే సరిపోదా అన్న ప్రశ్న వస్తుంది. ఫోటో ఉపయోగమే. కాని రాశి పైభాగం ఫోటో కంటె, తెల్లని పళ్లెంలో ఒలిచిన పప్పు ఫోటో ఎక్కువ చెబుతుంది. పక్కన పప్పు శాతం, తేమ అంకెలు పెద్ద అక్షరాలలో ఉంటే ఇంకా మంచిది. అలాగే ఆ నమూనా ఏ రోజున, ఎన్ని గంటలకు తీసినదో ఉండాలి. నిన్నటి తేమ అంకె ఈ రోజు వర్తించకపోవచ్చునని వేరుశనగ, పత్తి వర్తకులందరికీ తెలుసు.

పేర్ల దగ్గర చిక్కు

వెతికే పెట్టె దగ్గర పోయే బేరాలు కూడా తక్కువ కావు. మన దగ్గర ఒకే సరుకుకు మూడు పేర్లుంటాయి. వేరుశనగ, పల్లికాయ, శెనక్కాయ. మొక్కజొన్న అనేవారు కొందరు, మక్కలు అనేవారు చాలామంది. ధాన్యం అని జాబితాలో ఉంటే వడ్లు అని వెతికినవారికి ఏమీ కనిపించకపోతే, సరుకు రాలేదని అనుకొని ఫోను జేబులో పెట్టుకుంటారు. ఊరి పేర్ల సంగతీ అంతే. నారాయణపేట 2019 ఫిబ్రవరి 17 నుంచి వేరే జిల్లా. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల 2016 నుంచి వేరే జిల్లాలు. పాత అలవాటున మహబూబ్‌నగర్ జిల్లా అని ఎంచుకున్న దూరపు వర్తకుడికి నారాయణపేట కంది కనిపించకపోతే నష్టపోయేది ఆ వర్తకుడొక్కడే కాదు. మంచి తెర పాత పేరును కూడా గుర్తిస్తుంది.

వరి దగ్గర ఇది మరింత ముఖ్యం. సన్నరకం అని ఒక్క మాట రాస్తే మిర్యాలగూడ మిల్లరుకు ఏమీ చెప్పనట్లే. బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204 వేరు, రాజేంద్రనగర్‌లో రూపొందిన ఆర్ఎన్ఆర్ 15048, అంటే తెలంగాణ సోనా వేరు. రెండింటికీ బియ్యపు గిరాకీ వేరు, పలికే ధర వేరు. రకం పేరు జాబితాలోనే కనిపించాలి, లాటు తెరిచిన తరువాత కాదు.

అంకె తప్పితే

ధర వేసే చోటు తెరలో అతి చిన్నది, అతి ఖరీదైనది. క్వింటాలుకు 7,120 వేయబోయి 7,210 వేసిన ఖరీదుదారు 40 క్వింటాళ్ల లాటు మీద 3,600 రూపాయలు ఎక్కువ ఒప్పుకున్నట్లు. ఒక సున్నా ఎక్కువ పడితే చెప్పనక్కరలేదు. అప్పుడు ఖరీదుదారు లాటు వద్దంటాడు, రైతు వదలడు, కార్యదర్శి దగ్గర పంచాయతీ. ఆ రోజు కాంటా ఆలస్యం. ఒకసారి ఇలా చేయి కాల్చుకున్న ఖరీదుదారు తరువాత ధర వేసే పనిని గుమాస్తాకు అప్పగించి తాను ఫోనులో చెబుతుంటాడు, లేదా అసలు ఆ పద్ధతికే దూరమవుతాడు.

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. అంకెతోపాటు అక్షరాలలో ‘ఏడు వేల రెండు వందల పది’ అని కనిపించాలి. దాని కింద మొత్తం లాటు విలువ ఎంతవుతుందో కనిపించాలి. 40 క్వింటాళ్లకు 2,88,400 అని చూడగానే చేయి ఆగుతుంది. అంతకుముందు పలికిన ధర కంటె మరీ ఎక్కువో, మరీ తక్కువో ఐతే తెర ఒకసారి అడగాలి. అన్ని లాట్లకూ అడగకూడదు. ప్రతిసారీ అడిగితే చూడకుండా సరే అని నొక్కే అలవాటు పడుతుంది.

ధర పంపిన వెంటనే అది చేరిందా లేదా అన్నది తెలియకపోవడం ఇంకొక ఇబ్బంది. మనిషి ఓపిక గురించి జాకబ్ నీల్సన్ అనే నిపుణుడు 1993లో చెప్పిన కొలతలను ఈనాటికీ ఈ రంగంలో పాటిస్తున్నారు. నొక్కిన తరువాత ఒక సెకనులోగా జవాబు వస్తే ఆలోచన తెగదు. 10 సెకన్లు దాటితే మనసు మరో పని మీదికి పోతుంది. గడువు ముగిసే చివరి నిమిషాలలో అందరూ ఒకేసారి ధరలు వేసినప్పుడు తెర గిర్రున తిరుగుతూ ఉండిపోతే, ఖరీదుదారు మళ్లీ నొక్కుతాడు. రెండు ధరలు పోయాయా, ఒకటి పోయిందా, ఏదీ పోలేదా తెలియదు. యార్డులో ఫోను సంకేతాలు ఎప్పుడూ బాగుంటాయన్న భరోసా లేదు గనుక, ‘మీ ధర ఇన్ని గంటలకు చేరినది’ అన్న ఒక్క వాక్యం ఎన్నో రంగుల కంటె విలువైనది.

చెల్లింపు దగ్గర

ఇంటర్నెట్ వ్యాపారంలో ఎక్కువ బేరాలు చెడేది ఈ చివరి మెట్టులోనే. అమెరికాలో ఒక పెద్ద దుకాణపు వెబ్‌సైటు డబ్బు కట్టేముందు ఖాతా నమోదు చేసుకోవాలని నిబంధన పెట్టింది. ఆ బటనును తీసివేసి, నమోదు లేకుండానే ముందుకు పోవచ్చునని పెట్టగా కొనుగోళ్లు 45 శాతం పెరిగి, మొదటి సంవత్సరంలోనే 30 కోట్ల డాలర్ల అదనపు అమ్మకాలు జరిగాయని జారెడ్ స్పూల్ అనే నిపుణుడు 2009లో వివరించారు. అమెజాన్ సంస్థ ఒక్క నొక్కుతో కొనుగోలు ముగించే పద్ధతికి 1999లో పేటెంటు పొందింది. 2017లో దాని గడువు తీరిన తరువాత అది అందరిదీ ఐంది.

హోల్‌సేలు బేరంలో ఇది ఇంత సులువు కాదు. యూపీఐతో చాయ్ డబ్బులు కట్టినంత తేలికగా లాటు డబ్బు కట్టలేము. వ్యక్తుల మధ్య యూపీఐ చెల్లింపులకు రోజుకు లక్ష రూపాయల పరిమితి ఉన్నది. వ్యాపార చెల్లింపులకు పరిమితులు ఆయా కోవలను బట్టి వేరుగా ఉన్నాయి. పెద్ద మొత్తాలకు ఆర్‌టీజీఎస్ ఉన్నది కాని అది 2 లక్షలకు తక్కువ మొత్తాలకు పనికిరాదు. వాటికి నెఫ్ట్. 2019 డిసెంబరు నుంచి నెఫ్ట్, 2020 డిసెంబరు నుంచి ఆర్‌టీజీఎస్ రాత్రింబవళ్లు పనిచేస్తున్నాయి గనుక బ్యాంకు వేళల అడ్డు తొలగింది. మిగిలినది తెర చేయవలసిన పని. బిల్లు మొత్తం చూసి ఏ దారిన కట్టవచ్చునో అదే చెప్పాలి. పరిమితి దాటిందని పది మెట్లు ఎక్కిన తరువాత చెప్పకూడదు.

ఒక ఖరీదుదారు ఒక్క రోజున 15 లాట్లు కొంటే 15 సార్లు చెల్లింపు చేయమనడం అతనిని వద్దు పొమ్మనడమే. అనేక బిల్లులను కలిపి ఒకేసారి కట్టే ఏర్పాటు ఈ-నామ్‌లో తరువాత వచ్చింది. ఇటువంటి మార్పు గురించి పత్రికలలో పెద్దగా రాదు. వర్తకునికి మాత్రం మిగతా అన్నింటికంటె ఇదే ముందు కనిపిస్తుంది.

కర్ణాటకలో లెక్క

తెర తీరు ధరను మారుస్తుందనడానికి పొరుగు రాష్ట్రంలో ఆధారం ఉన్నది. నారాయణపేట, గద్వాల వర్తకులకు బాగా తెలిసిన రాయచూరు ఉన్న కర్ణాటకలో 2014 నుంచే మార్కెట్లను కలిపి ఒకే ఎలక్ట్రానిక్ వేదికపైకి తెచ్చారు. ఆ అనుభవాన్ని పరిశీలించిన పరిశోధకులు 2020లో ప్రచురించిన లెక్క ప్రకారం వరి ధరలు 5.1 శాతం, వేరుశనగ 3.6 శాతం, మొక్కజొన్న 3.5 శాతం పెరిగాయి. పత్తి, కంది, పెసలలో చెప్పుకోదగిన పెరుగుదల కనిపించలేదు. వేదిక ఒకటే, ఫలితం సరుకును బట్టి వేరు. ఇది గుర్తుంచుకోవలసిన సంగతి.

ఆ పరిశోధకులే 2019లో కర్ణాటకలోని ఒక పప్పుధాన్యాల మార్కెట్‌లో పాట తీరును కొంచెం మార్చి చూశారు. మొదట అందరూ ఎప్పటిలాగే ధర వేస్తారు. ఆ తరువాత పై ధరలు వేసినవారికి మరొకసారి పెంచుకునే అవకాశం ఇస్తారు. కొత్త ఖరీదుదారులు ఎవరూ రాలేదు, సరుకు మారలేదు. మారినది ధర వేసే క్రమం మాత్రమే. రైతుకు దక్కిన ధర పెరిగింది. ఖరీదుదారులకు ఇది నష్టం కదా అనవచ్చు. మొదటిసారి తక్కువ అంచనా వేసి మంచి లాటు పోగొట్టుకున్న ఖరీదుదారుకు రెండవ అవకాశం దొరకడం కూడా ఇందులో ఉన్నదని మరవరాదు.

పక్కన కూర్చుని చూడటం

తెరలో లోపం ఎక్కడున్నదో తెలుసుకోవడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. నీల్సన్ 2000లో చెప్పిన ప్రకారం ఐదుగురు మనుషులతో పరీక్షిస్తే సుమారు 85 శాతం లోపాలు బయటపడతాయి. పద్ధతి ఇది. రోజూ వేసే ఖరీదుదారు ఒకరు, అప్పుడప్పుడు వేసేవారు ఒకరు, అడ్తి గుమాస్తా ఒకరు, వేరే ఊరి వర్తకుడు ఒకరు, చత్వారం వచ్చిన పెద్దాయన ఒకరు - వీరిని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి ఫలానా లాటుకు ధర వేయమనాలి. పక్కనున్నవారు నోరు మెదపకూడదు. చేయి ఎక్కడ ఆగింది, ఏ మాట రెండుసార్లు చదివారు, ఎక్కడ ‘ఇది ఏంది’ అన్నారు - ఇవి రాసుకోవాలి. కష్టమైన భాగం నోరు మెదపకపోవడమే. సాయం చేయకుండా ఉండటం మన మార్కెట్లలో మర్యాద కాదు గనుక ఇది చాలామందికి చేతకాదు.

దానితోపాటు ఒక లెక్క. ఒక రోజున తెర మీదికి వచ్చిన లాట్లు ఎన్ని, వాటిలో ఒక్కసారైనా తెరిచి చూసినవి ఎన్ని, ధర పడినవి ఎన్ని, ఒక్కొక్క లాటుకు సగటున ఎన్ని ధరలు పడినాయి, ఖరారైనవాటిలో అదే రోజున డబ్బు చేరినవి ఎన్ని. మోడల్ ధరతోపాటు ఈ అంకెలను కూడా రాసి పెట్టుకుంటే, ఏ మెట్టు దగ్గర మనుషులు జారిపోతున్నారో వారం రోజులలో తెలుస్తుంది. లాట్లను తెరిచి చూసి ధర వేయకపోతే సందేహం నాణ్యత దగ్గర. అసలు తెరవకపోతే జాబితా దగ్గర. ఖరారైన తరువాత ఆగితే చెల్లింపు దగ్గర.

సొంత వెబ్‌సైటు పెట్టుకున్నవారికి

బియ్యం, పప్పు, నూనె, పత్తి గింజలు అమ్మే మిల్లరులకు, స్టాకిస్టులకు కూడా ఇదే వర్తిస్తుంది. వారి వెబ్‌సైట్లు చాలావరకు మిల్లు భవనం ఫోటోతో, సంస్థ చరిత్రతో మొదలవుతాయి. చెన్నై నుంచో, ముంబయి నుంచో చూసే ఖరీదుదారుకు కావలసినవి వేరు. ఏ రకం, పంట ఏ సంవత్సరానిది, నూక శాతం ఎంత, బస్తా ఎన్ని కిలోలు, ఎన్ని టన్నులు సిద్ధంగా ఉన్నాయి, ధర మిల్లు దగ్గరిదా చేరవేతతో కలిపినదా. ఇవి పైన ఉండాలి. మాట్లాడవలసిన నంబరు ప్రతి పేజీలో ఉండాలి. ఫోను చేస్తే బేరం కుదిరే వ్యాపారంలో పది గళ్ల దరఖాస్తు నింపమనడం వచ్చినవారిని పంపివేయడమే.

బేరాలు పెరగాలని వెబ్‌సైటులో మాయలు చేయడం మాత్రం చట్టవిరుద్ధం. వినియోగదారులను మభ్యపెట్టే 13 రకాల ఎత్తుగడలను కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న వెలువరించిన మార్గదర్శకాలలో నిషేధించింది. ‘రెండే బస్తాలున్నాయి’ అంటూ లేని తొందర పుట్టించడం, అడగని సరుకు బుట్టలో వేయడం, మొదట తక్కువ ధర చూపి హమాలీ, బస్తా, కిరాయి ఖర్చులను చివరలో కలపడం ఇందులోకే వస్తాయి. ఇంటి అవసరానికి కొనేవారికి బియ్యం, నూనె అమ్మే వెబ్‌సైట్లవారు ఈ చివరి దానిని ప్రత్యేకంగా గమనించాలి. ఖర్చులు విడివిడిగా చివరలో చెప్పడం మన వర్తకంలో పాత అలవాటు. నోటి బేరంలో అది చెల్లింది.

తెరకు అందనివి

ఎంత మంచి తెరైనా కొన్నింటిని మార్చలేదు. రైతుకు విత్తనానికి, ఎరువుకు పెట్టుబడి ఇచ్చిన అడ్తిదారు దుకాణానికే ఆ రైతు సరుకు వస్తుంది. ఆ అడ్తిదారుకు కొన్ని వారాల వాయిదా మీద ఖరీదు చేసే ఖరీదుదారులతో పాత సంబంధం ఉంటుంది. వెంటనే డబ్బు కట్టమనే పద్ధతి ఈ వాయిదాను తెంచుతుంది. ఖరీదుదారు చెల్లింపు బటను దగ్గర ఆగితే, కారణం బటను చిన్నదై ఉండకపోవచ్చు, చేతిలో డబ్బు లేకపోయి ఉండవచ్చు. ఈ రెండింటినీ వేరు చేయకుండా తెర మీద నేరం మోపడం, లేదా వర్తకుల మీద నేరం మోపడం రెండూ పొరపాటే. వేరే రాష్ట్రపు ఖరీదుదారుకు లైసెన్సు, రవాణా, తగాదా వస్తే తీర్చేవారు ఎవరన్న ప్రశ్నలు కూడా ఇటువంటివే.

రైతు వైపు ఇబ్బంది 2025 పత్తి సీజనులో అందరి దృష్టికీ వచ్చింది. భారత పత్తి సంస్థకు మద్దతు ధరకు అమ్మదలచినవారు ‘కపాస్ కిసాన్’ యాప్‌లో నమోదై, స్లాటు తీసుకుని జిన్నింగు మిల్లుకు రావాలని ఏర్పాటు చేశారు. పొడవు పింజ పత్తికి ఆ సీజను మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతానికి మించితే తగ్గింపు, 12 శాతం దాటితే కొనుగోలు లేదు. స్లాటు ఒక రోజుకు దొరికి, ఆ రోజు మబ్బు పట్టి తేమ పెరిగితే రైతు ఏమి చేయాలన్నది ఇక్కడి అసలు చిక్కు. నేరుగా స్మార్ట్‌ఫోను వాడని రైతు ఎవరినో ఒకరిని పట్టుకుని స్లాటు చేయించుకుంటాడు. మార్చవలసి వస్తే మళ్లీ వారినే వెతకాలి. అమ్మకం చేజారితే బయట వ్యాపారి ఇచ్చిన ధరకు ఇచ్చి వెళతాడు. స్లాటు మార్చుకొనే మెట్టు ఎంత సులువుగా ఉన్నదన్న దానిమీద ఇక్కడ బండెడు పత్తి ధర ఆధారపడి ఉన్నది.

ఇటువంటి మార్పులను సరుకు ముమ్మరంగా వచ్చే రోజులలో మొదలుపెడితే గందరగోళమే మిగులుతుంది. పాలమూరు వైపు యాసంగి వేరుశనగ ఒత్తిడి సంక్రాంతి తరువాతి వారాలలో ఎక్కువ. వానాకాలపు వరి, పత్తి రాబడి అక్టోబరు చివర నుంచి ఊపందుకుంటుంది. యార్డులు కొంత ఖాళీగా ఉండే జూన్ - సెప్టెంబరు నెలలలోనే ఖరీదుదారులను కూర్చోబెట్టి చూడటానికీ, లెక్కలు తీయడానికీ, తప్పులు దిద్దడానికీ వీలు దొరుకుతుంది.